దేవుడి గుప్పెడు

మా అమ్మ డబ్బా దొరికిందని డొరీన్ ఫోన్ చేసిన పొద్దున నేను కెనడాలో, సస్కటూన్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. డొరీన్ నాతో బడిలో చదువుకున్న మనిషి. మేము పెరిగిన చిన్న ఊళ్ళో, మేము వెళ్ళిన బాప్టిస్టు సంఘంలో ఇంకా మిగిలిన పదిమందిలో ఒకతె. సంఘం మూసేస్తున్నారట. భవనం అమ్మకానికి పెట్టారట. చర్చి వంటగది సర్దుతుంటే, కాఫీ కాచే పెద్ద పాత్ర వెనకాల ఒక రేకు డబ్బా, మూత మీద తెల్ల పట్టీ, పట్టీ మీద గుండ్రటి అక్షరాలు కనిపించాయట. "అక్షరాలు చూసి మీదే అయ్యుంటుంది అనుకున్నాం, కరుణా. లోపల బియ్యం కూడా ఉన్నాయి," అంది తన ఇంగ్లీషులో. ఆ అక్షరాలేమిటో చూడకుండానే నాకు తెలుసు. అమ్మ ఆ పట్టీ మీద రాసుకున్నది ఒకటే మాట. దేవునిది.

తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఆఖరి ఆరాధన రోజున పంచడానికి ఒక పుస్తకం వేస్తున్నారు. సంఘం పుట్టినప్పటినుంచి సభ్యులైన వాళ్ళందరి పేర్లూ అందులో ఉంటాయి. మా కుటుంబం గురించి నేనొక పేజీ రాయాలి. "మీ వంటలు, మీ అమ్మ చీరలు, అలాంటివి. చదివేవాళ్ళకి బాగుంటుంది," అంది. నేను చేతిలో కాయ పక్కన పెట్టి, రాస్తాను గాని ఆ పేర్లలో అగాథ పేరు కూడా ఉండాలి అన్నాను. ముప్పై ఏళ్ళు ఆ చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చున్న మనిషి ఆవిడ. నది అవతల, క్రీ ఆదివాసులకి ప్రభుత్వం కేటాయించిన రిజర్వు నుంచి నడిచి వచ్చేది. "ఆవిడ మెంబర్ కాదు కదా. రిజిస్టర్‌లో లేదు," అంది డొరీన్. తర్వాత, నొప్పించాలని కాదు, ఉన్నమాటగానే, "ఆ రిజిస్టర్ రాసింది మీ నాన్నే," అంది.

ఫోన్ పెట్టేసి మిగిలిన కాయల ఈనెలు ఎలా తీశానో, సగం గింజలు తొక్కల్లోకి పోయాయి. యాభై ఏళ్ళుగా నేను ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా ఎక్కడో ఒక మూల అగాథ కూర్చునే ఉంటుంది. ఆవిడ విషయం ప్రభువు చేతిలో పెట్టాను అనుకుంటాను. మళ్ళీ నేనే తీసుకుంటాను. ఈసారి పుస్తకం వేస్తున్నారు కనుక, అచ్చులో ఒక్కసారి ఆవిడ పేరు పడితే, మా నాన్నగారు చేసిన తప్పు సర్దుకుంటుందని ఆశ పుట్టింది. ఆశ కంటే పంతం అనాలేమో.

ఆ ఊరి గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్ళు అన్ని జాతులూ కలిసిమెలిసి బతికిన ఊరంటారు. డొరీన్ పుస్తకం అట్ట మీదా అదే ఉండబోతోంది. పక్కపక్కన ఉన్నమాట నిజమే. ఒకటే పోస్టాఫీసు, రైలు పట్టాల పక్కన ఒకటే ధాన్యం నిలవచేసే ఎలివేటరు. పట్టాలకి ఉత్తరాన ఉల్లిపాయ ఆకారం శిఖరంతో ఉక్రేనియన్ల చర్చి. దక్షిణాన ఇంట్లో జర్మన్ మాట్లాడుకునే మెనొనైట్ శాఖ క్రైస్తవ రైతులు. మెయిన్ స్ట్రీట్ మూలన ఒక చైనా ఆయన కేఫ్. ఆయన తన ఇంటికోసం నగరం నుంచి బియ్యం బస్తాలు తెప్పించుకుంటూ, మేము వచ్చాక మాకూ ఒకటి తెప్పించేవాడు. నది అవతల క్రీ వాళ్ళు. ఇండియా కుటుంబం మాదొక్కటే. ఏడాదికొకసారి, కోతలయ్యాక, మా చర్చి హాల్లో అందరికీ భోజనాలు పెట్టేవారు. ఆ రోజు ఒకే బల్ల మీద ఉక్రేనియన్ల కజ్జికాయల్లాంటి పెరోగీలు, మెనొనైట్ల సాసేజీలు, మా అమ్మ పులిహోర. ఆ రోజే ఫోటో తీసేవారు. ఆ ఫోటోలో ఉన్నదే ఊరని ఇప్పటివాళ్ళు అనుకుంటున్నారు. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులు ఎవరూ ఫోటో తీయలేదు.

నాన్నగారు అక్కడి హైస్కూలుకి సైన్సు మాస్టారుగా వచ్చారు. మాది గోదావరి వైపు. మా ఇంట్లో రోజు ఎప్పుడు మొదలైనా ముగిసేది మాత్రం ఒకేలాగ. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. నాన్నగారు తెలుగులో ఒక అధ్యాయం చదివేవారు, నేను కంఠస్థం చేసిన వాక్యం ఒకటి చెప్పాలి, అమ్మ పాడేది. నేను ఇవాళ ఈ మాత్రం తెలుగు రాస్తున్నానంటే ఆ అరగంట చలవే. నా పిల్లలకి ఆ అరగంట నేను ఇవ్వలేకపోయాను. తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలుకుతారు. చలికాలంలో తలుపులు, కిటికీలు అన్నీ బిగించిన ఇంట్లో అమ్మ ఎండుచేపలు వేయించిందంటే ఆ వాసన నా కోటుని వదిలేది కాదు. హీటరు మీద ఆరేసిన తడి ఉన్ని చేతి తొడుగుల వాసన, పోపు వాసన, నాన్నగారి సుద్దముక్కల వాసన కలిస్తే మా ఇల్లు.

గుప్పెడు బియ్యం సంగతి మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకోసం చెబుతాను. పూటకి సరిపడా బియ్యం కొలుచుకున్నాక, కడగక ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. వారమంతా పోగైన ఆ బియ్యం ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ముందున్న బుట్టలో పోస్తారు. అవి పాస్టరుగారింటికో, ఆ వారం పొయ్యి వెలగని ఇంటికో వెళతాయి. చేతిలో పైసా ఆడని ఆడవాళ్ళు తమకోసం ఏర్పరచుకున్న ఆరాధన అది. బస్తాలోంచి తీస్తే లెక్కలోకి రాదు. వండుకునే వాటిలోంచే తీయాలి. "ఈ పూట మనం గుప్పెడు తక్కువ తింటేనే ఇచ్చినట్టు," అనేది అమ్మ.

కెనడాలో బుట్ట లేదు. అమ్మ మొదటి ఆదివారం బియ్యం కాగితం సంచిలో పోసి పాస్టరుగారి భార్య చేతికిచ్చింది. ఆవిడ ఎంతో మర్యాదగా పుచ్చుకుని వంటగది అలమరలో పెట్టింది. పై ఆదివారం మరో సంచి. ఆ పై ఆదివారం మరొకటి. అవి ఎక్కడికి పోతున్నాయని అమ్మ అడగలేదు. అడిగేంత ఇంగ్లీషు లేదు. ఉన్నా అడిగేది కాదు. దేవుడి ముందు పెట్టాక అది మనది కాదు, దాని ఆరా మనకెందుకు అనేది ఆమె పద్ధతి. చర్చిలో మేము ముందునుంచి రెండో బెంచీలో కూర్చునేవాళ్ళం. అమ్మ పైట తలమీదికి లాక్కుని, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వచ్చేది. చలికాలంలో అందరూ మంచు బూట్లు అక్కడే విప్పుతారు గనుక ఎవరికీ తేడా తెలియదు. వేసవిలో మాత్రం గుమ్మం దగ్గర రెండే జతలుండేవి. ఒకటి అమ్మది. రెండోది అగాథది, జింక తోలుతో కుట్టినవి. కోట్లు తగిలించే గదిలో ఆఖరి కొక్కేలూ వాళ్ళిద్దరివే. పోపు వాసన కోటు, కట్టెపొగ వాసన కోటు. మిగతావాళ్ళు తమ కోట్లు కాస్త ఇవతలగా తగిలించుకునేవారు. నేను కూడా నా కోటు ఇవతలే తగిలించేదాన్ని.

డొరీన్ వాళ్ళ అక్క పెళ్ళి మా చర్చిలోనే జరిగింది. కొత్త దంపతులు బయటికి వస్తుంటే మెట్లమీద నిలబడి వాళ్ళమీద బియ్యం చల్లడం అక్కడి ఆచారం. పెళ్ళి పనులు చూస్తున్న ఆడవాళ్ళు వంటగది అలమర తీస్తే ఏడాదిపాటు పోగైన సంచులు కనిపించాయి. ఇండియా ఆవిడ పెళ్ళిళ్ళకోసమే తెచ్చి దాస్తోందని వాళ్ళు అర్థం చేసుకున్నారు. డొరీన్ తల్లి మెట్లమీద మా అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "థాంక్స్. ఎంత ముందుచూపు మీకు. మీ దేశంలోనూ పెళ్ళికి బియ్యం చల్లుతారట కదా." అమ్మకి అందులో థాంక్స్ ఒక్కటే అర్థమైంది. నవ్వింది. అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. నలభై యాభై చేతులు ఒకేసారి గాల్లోకి లేచాయి.

పెళ్ళికారు వెళ్ళిపోయింది. జనం విందు కోసం పక్కనున్న హాలువైపు నడిచారు, కొత్త బూట్లతో, బియ్యం మీదుగా. అమ్మ మెట్ల కింద కంకర మీద గొంతుకూర్చుంది. కొంగు పరిచి, గింజ గింజ ఏరడం మొదలుపెట్టింది. నాకు పన్నెండేళ్ళు. గులాబీరంగు కుచ్చుల గౌను వేసుకుని ఉన్నాను. నాతో చదివే పిల్లలందరూ అక్కడే ఉన్నారు.

"అమ్మా, లే. అందరూ చూస్తున్నారు."

"దేవుడివే ఇవి. తొక్కుతున్నారు."

నాన్నగారు హాలు గుమ్మం దగ్గర్నుంచి, పక్కవాళ్ళకి వినపడకుండా, "వదిలెయ్ శాంతా. వాళ్ళకి తెలీదు," అన్నారు.

"తెలీదనే ఏరుతున్నానండి. తెలిసి తొక్కితే ఏరేదాన్నా?"

నేను వెళ్ళి మా కారులో కూర్చుని అద్దాలెక్కించుకున్నాను. జూన్ ఎండలో ఆ కారు కుంపటిలా ఉంది. అయినా అద్దం దించలేదు. అందులోంచే చూశాను. హాల్లో గిన్నెలు కడగడానికి పిలిపించిన అగాథ ఆప్రాన్‌తోనే బయటికి వచ్చింది. అమ్మ దగ్గర ఆగింది. తలకి కట్టుకున్న రుమాలు విప్పి నేలమీద పరిచి, ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. అమ్మ తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ప్రతిసారీ గొంతు మార్చి మరీ. "'హూ ఫర్?' అంది. 'గాడ్' అన్నాను. 'ఆయనకి ఆకలేస్తోందా?' అంది. నాకు నవ్వాగలేదమ్మా. 'హీ నో ఈట్. హిజ్ పీపుల్ ఈట్' అన్నాను. 'అయితే సరే' అని మళ్ళీ ఏరింది."

పొలంలో కోత కోసినవాడు పడిన కంకుల కోసం వెనక్కి తిరగకూడదని, అవి పరదేశికీ పేదకీ వదలాలని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. ఆ నియమం నాకు నోటికి వచ్చు. ఆ వారం కుటుంబ ప్రార్థనలో కూడా అప్పజెప్పానేమో. పరిగె ఏరుకునే ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళెదురుగా ఉంటే మాత్రం కారు అద్దాలెక్కించుకుని కూర్చున్నాను.

అప్పటినుంచి అమ్మ బియ్యం పాస్టరుగారి భార్య దగ్గరికి వెళ్ళలేదు. డబ్బాతోనే నేరుగా ఆఖరి బెంచీకి వెళ్ళాయి. నది అవతల ఏ ఇంట్లో ఆ వారం పొయ్యి వెలగలేదో అగాథకి తెలుసు. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. ఒకసారి ఎండబెట్టిన చేప, ఒకసారి సస్కటూన్ బెర్రీలు, చలికాలంలో చెవులపిల్లి మాంసం. ఆ బెర్రీలతో అమ్మ ఆవపిండి పెట్టి పచ్చడి చేసింది. అగాథ ఒక వేలితో రుచి చూసి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, "ఈ పళ్ళు నీకేం అపకారం చేశాయి?" అని అడిగింది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు ఆఖరి భోజనం జ్ఞాపకంగా. రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఉన్న పళ్ళేలు బెంచీ బెంచీకి వచ్చేవి. ఆఖరి బెంచీ ముందు, పళ్ళెం పట్టుకున్న సంఘపెద్ద, డీకన్, వెనక్కి తిరిగిపోయేవాడు. ఆ బెంచీలో కూర్చునేది అగాథ ఒక్కతే, ఆవిడ సభ్యురాలు కాదు. అమ్మ అది గమనించి ఆవిడను సభ్యత్వంలోకి తీసుకోమని నాన్నగారిని అడిగింది. దస్తూరీ బాగుంటుందని సంఘం రిజిస్టరు నాన్నగారికే అప్పగించారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, ఆరాక, దాని మీద తువ్వాలు పరిచి ఆ పుస్తకం తెరిచేవారు. పేరు చేర్చాలంటే ఇంతకుముందు బాప్తిస్మం తీసుకున్న సంఘం నుంచి ఉత్తరం తేవాలి. అది నియమం. మేమూ మా ఊరి సంఘం నుంచి తెచ్చినవాళ్ళమే. అగాథకి బాప్తిస్మం ఇచ్చింది, ప్రభుత్వమూ చర్చీ కలిసి నడిపిన ఆ బడిలో. క్రీ పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకుపోయి పెట్టిన బడి. ఉత్తరం అడిగి తెప్పించుకోమని నాన్నగారు చెప్పించారు. "ఆ చోటి నుంచి నేనేమీ అడగను," అని ఆవిడ కబురు చేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగిన మాటలు నాకు ఇవాళ్టికీ వినపడతాయి.

"ఆవిడ ప్రార్థన నేను చూశానండి. ఇంకే ఉత్తరం కావాలి?"

"నీ నా ఇష్టం కాదు శాంతా. పుస్తకం అది."

"పుస్తకం మీ చేతిలోనే ఉందిగా."

నాన్నగారు అన్నం కలపడం ఆపారు. "మా నాన్నని ఊళ్ళో 'ఒరేయ్' అనని వాడు లేడు. కరణం పుస్తకంలో కూడా సగం పేరే. ఆయన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, సిరాతో మొదట రాసింది సంఘం రిజిస్టర్‌లో. చదువు రాదు, అయినా ఆ పేజీ తీయించుకుని వేలు పెట్టి చూసుకునేవాడు. ఆ పుస్తకానికి నియమం లేకపోతే అందులో మా నాన్న పేరుకి విలువేముంది?"

అమ్మ ఆయన పళ్ళెంలో మజ్జిగ పోసింది. "మీ నాన్నగారి పేరు రాసినప్పుడు ఉత్తరం ఎవరు తెమ్మన్నారండి?"

ఆయన మజ్జిగ కలుపుకుని తినేసి లేచారు. ఆ తర్వాతి మొదటి ఆదివారం అమ్మ రెండో బెంచీలో కూర్చోలేదు. వెనక్కి వెళ్ళి అగాథ పక్కన కూర్చుంది. పళ్ళెం రాని చోట. మేము సస్కటూన్‌కి మారిపోయే దాకా, ఆరేళ్ళు, నెల నెలా అంతే. బల్ల అంటే ప్రాణం పెట్టే మనిషి. పెళ్ళయిన కొత్తలో, జ్వరంతో ఉండి కూడా బల్ల రోజున మూడు మైళ్ళు నడిచానని చెప్పుకునేది. నాన్నగారు ఒక్కమాట అనలేదు. పేరూ చేర్చలేదు. నేను పదిహేనో ఏట బాప్తిస్మం తీసుకుంటే నా పేరు ఆయన దస్తూరీలో, నల్ల సిరాతో పడింది. ఆ తర్వాత ముందునుంచి రెండో బెంచీలో, ఆయన పక్కన కూర్చుని పళ్ళెం అందుకున్నాను. వెనక్కి తిరిగి చూడకుండా ఉండడానికి పాటల పుస్తకం పేజీలు తిప్పేదాన్ని.

ఇదంతా డొరీన్‌కి నాలుగు ఈమెయిళ్ళలో రాశాను. కమిటీ కూర్చుని ఆలోచించిందట. సభ్యుల పట్టికలో చేర్చడం కుదరదు, కాని చివర్లో 'సంఘం స్నేహితులు' అని ఒక పేజీ పెట్టగలం. అగాథ కుటుంబసభ్యుల సంతకంతో ఒక కాగితం తెస్తే చాలు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఫారం ప్రింట్ తీసుకున్నాను. చలికాలం హైవే మీద నేను డ్రైవ్ చేయను కాబట్టి, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే శిరీషని తీసుకెళ్ళమని అడిగాను. వరంగల్ పిల్ల. ఇక్కడ కాలేజీలో చదువుతూ కాఫీ షాపులో పార్ట్ టైం చేస్తుంది. దారి పొడుగునా నా గొడవంతా విని, "పేరు పుస్తకంల ఉంటే ఏమైతది ఆంటీ, లేకుంటే ఏమైతది?" అంది. "స్టడీ పర్మిట్‌కి అప్లై చేశా, ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశా, వర్క్ పర్మిట్‌కి అప్లై చేశా. నా పేరు ఎన్ని ఫారాల్లో ఉందో నాకే తెల్వదు. ఒక్కటన్నా నన్ను మంచిగున్నవా అని అడగదు." ఈ పిల్లకి సంఘం అంటే ఏం తెలుసని విసుక్కున్నాను. పైకి అనలేదు.

ఊళ్ళో ఎలివేటరు లేదు. కేఫ్ ఉన్నచోట ఫిలిప్పీన్స్ వాళ్ళ కిరాణా కొట్టు ఉంది. మోటెల్ పంజాబీలది. అన్నీ మారినా అందరూ ఇంకా ఎవరి వీధిలో వాళ్ళే ఉన్నారు. చర్చి గుమ్మంలో డొరీన్ నన్ను కావలించుకుని డబ్బా చేతిలో పెట్టింది. రిజిస్టరు కూడా చూపించింది. ఏమో, నాన్నగారు తర్వాత ఎప్పుడైనా, ఒక మూల పెన్సిలుతోనైనా, రాసి ఉంటారని ప్రతి పేజీ తిప్పాను. లేదు. ఆయన అంత నియమం తప్పేవారు కాదు.

అగాథ కూతురు మార్లీన్ నది అవతలే ఉంటుంది. స్కూలు బస్సు నడిపి ఈ మధ్యే రిటైరయింది. నన్ను గుర్తుపట్టింది. ఆ పెళ్ళి రోజు తల్లితో హాలుకి వచ్చిందట, కుచ్చుల గౌను వేసుకుని కారులో కూర్చున్న పిల్లగా గుర్తుపట్టింది. టీ ఇచ్చాక నేను ఫారం తీసి బల్లమీద పెట్టి, చిన్న ప్రసంగం లాంటిది చేశాను. న్యాయం అన్నాను, దేవుడు తనవాళ్ళ పేర్లు రాసుకునే జీవగ్రంథం అన్నాను. ఆవిడ ఫారం చదివి నావైపు జరిపింది.

"మళ్ళీ ఉత్తరమేనా?" అంది.

నేను ఫారం మడత పెట్టాను.

"మా అమ్మ పేరేంటో తెలుసా నీకు?"

"అగాథ."

"అది ఆ బడిలో చేర్చుకున్న రోజు పుస్తకంలో రాసిన పేరు. పక్కనే ఒక నంబరు. అంతకుముందు మా అమ్మకి వేరే పేరుంది. అది మాకు చెప్పింది. నీకు చెప్పను."

"సరే," అన్నాను.

"మీ నాన్న ఉత్తరం తెమ్మన్నది ఆ పేరు ఇంకో పుస్తకంలో కూడా ఎక్కించడానికే కదా. ఆ మాట తలచుకుని అమ్మ నవ్వేది. చర్చి పుస్తకంలో ఒకసారి పడి బయటపడ్డాను, మళ్ళీ దూరతానా అనేది. ఆవిడ పేరు ఎక్కడా వేయించకు. దయచేసి."

మా తాత వేలు పెట్టి చూసుకున్న పుస్తకం లాంటిదే ఆ బడి పుస్తకం కూడా. అదే గీతలు, అదే సిరా. ఒకదాంట్లో మా తాతకి పేరొచ్చింది, ఒకదాంట్లో ఆవిడకి పేరు పోయింది. ఇన్నేళ్ళు వాక్యం చదివి, సండే స్కూలు చెప్పి, ఈ మాట నాకు తట్టలేదు. మా నాన్నగారికి తట్టలేదంటే ఆయన కాలం అనుకోవచ్చు. నేను ఫారం పట్టుకుని వచ్చాను.

"మరి ముప్పై ఏళ్ళు అక్కడికి ఎందుకు వెళ్ళింది?" అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినపడింది.

"మొదట్లో పాటలకి. తర్వాత మీ అమ్మ కోసం. మీరు వెళ్ళిపోయాక దీనికోసం." మార్లీన్ డబ్బా ఎత్తి ఊపింది. బియ్యం గలగలలాడాయి. "ఇవి మీ అమ్మవి అనుకుంటున్నావా? మీ అమ్మ ఊరు వదిలి వెళ్ళేటప్పుడు డబ్బా మా అమ్మకిచ్చింది. మా ఇంట్లో అన్నం వండిన రోజల్లా ఒక గుప్పెడు ఇందులో పడేది. బంగాళాదుంపలు వండిన రోజు ఏం వేయాలో తెలీక మమ్మల్ని తిట్టేది. ఆదివారం చర్చికి పట్టుకెళ్ళి, పాటలయ్యేదాకా అక్కడ ఉంచి, వచ్చేటప్పుడు ఎవరింట్లోనో పోసి వచ్చేది. ఆఖరిసారి పెట్టింది, తెచ్చుకోలేకపోయింది. ఆ వారమే పడిపోయింది."

శిరీష టీ కప్పు పట్టుకుని కూర్చుంది. "మా నాయనమ్మ కూడ అట్లనే తీసేది ఆంటీ," అంది మెల్లగా. "బిచ్చానికి వచ్చేటోళ్ళ కోసం." ఆ క్షణంలో ఆ మాట కూడా నాకు కష్టంగానే తోచింది. ఇది మాది, మా సంఘం ఆడవాళ్ళది అనుకుని మొయ్యడం అలవాటైపోయింది.

లేచేటప్పుడు డబ్బా మార్లీన్‌కి ఇవ్వబోయాను. అక్కర్లేదంది. నేను తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ, ఒక పిచ్చి ప్రశ్న అడిగాను. "మీరు అన్నం తింటారా?"

"ఎవరు తినరు? బియ్యం తెచ్చేట్టయితే ఆదివారం మాత్రం రాకు. మా మనవడి హాకీ. సోమవారం రా."

ఆఖరి ఆరాధన జరిగింది. డొరీన్‌కి నేను ఇవ్వాల్సిన పేజీ ఇవ్వలేదు. అమ్మ గురించి రాస్తే అగాథ లేకుండా రాయలేను, అగాథని రాస్తే మార్లీన్ మాట తప్పాలి. ఆ ఊళ్ళో ఎవరికీ చదవరాని ఈ లిపిలో రాస్తున్నది కూడా తప్పేనేమోనని అనుమానంగానే ఉంది. పుస్తకంలో మా పేజీ బదులు పులిహోర ఫోటో వేశారు. ఆ చర్చిలో ఆఖరిసారి బల్ల ఇచ్చారు. నేను వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఇప్పుడా చర్చిలో నియమాలేమీ మిగల్లేదు, పళ్ళెం వెనకదాకా వచ్చింది, డొరీనే పట్టుకొచ్చింది. "అందరికీ, కరుణా," అంది చిన్నగా. నేను తల అడ్డంగా ఊపి, పళ్ళెం సాగనంపాను. ఎప్పుడో ఇవ్వాల్సింది ఇప్పుడు ఇస్తున్నారు. తీసుకోవాల్సినవాళ్ళు ఇద్దరూ లేరు. ఇది భక్తా పొగరా అని ప్రభువు నన్ను అడిగితే చెప్పలేను.

అగాథ ఆఖరి గుప్పిళ్ళు డబ్బా అడుగునే ఉన్నాయి. తీయలేదు, వాటి మీదే నావి వేస్తున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే. కప్పు బియ్యంలో గుప్పెడు తీస్తే మిగిలేది ఎంతో కాదు. శిరీష వండిన రోజున తనూ వేస్తుంది, చెప్పకుండానే. మా అమ్మ గుప్పెడు ఏనాడూ ఆదివారం దాటలేదు. ఈ వారం ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో ఏదో సంఘం ఆరాధన పెట్టుకుని కూర్చున్నాను గాని, చూపంతా గట్టు మీది డబ్బా మీదే. మార్లీన్ రమ్మన్న సోమవారానికి ఇంకా రెండు పూటలున్నాయి.